నంది ఎక్కినవాళ్లు కల్హట్టి ఎక్కగలరా?

బెంగళూరు మారతహళ్లిలో మా సైకిల్ బృందంలో సగం మంది తెలుగువాళ్లమే. ఊరికి దగ్గర్లోని నంది కొండ ఎక్కిన ప్రతివాడూ, నీలగిరి కొండల్లో రోజుల తరబడి సాగే సైకిల్ యాత్ర గురించి అడిగే ప్రశ్న ఒకటే: "టూర్ ఆఫ్ నీలగిరీస్‌కి పేరు ఇచ్చేయనా అన్నా?"

నంది శిఖరం 1,478 మీటర్ల ఎత్తు. అసలు ఎక్కుడు ఏడెనిమిది కిలోమీటర్లే. చివర్లో నిటారుగా ఉన్నా, మధ్యలో ఊపిరి తీసుకునే చోట్లు దొరుకుతాయి. ఇబ్బందల్లా మొదట్లోనే ఉత్సాహంగా తొక్కేసి చివర్లో చతికిలబడడం. పొద్దున్నే వెళ్తే పదింటికల్లా ఇంట్లో దోసె తింటూ ఉంటాం.

ఆ టూర్‌లో వచ్చే కల్హట్టి సంగతి వేరు. మసినగుడి నుంచి ఊటీకి పోయే ఈ ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు. ఒక్కో మలుపుకీ నంబరు బోర్డు ఉంటుంది. తొమ్మిదో బోర్డు దగ్గర ఇంకా 27 ఉన్నాయని లెక్క తేలగానే నా కాళ్లు మొరాయించాయి. చెమట చుక్కలు హ్యాండిల్ మీద టప్‌టప్‌మని పడుతున్నాయి, మీటరులో వేగం గంటకి 6 కిలోమీటర్లు దాటట్లేదు. పైగా ఆ టూర్‌లో దీనికి ముందు కొన్ని రోజులు తొక్కి ఉంటాం, కాళ్లు అప్పటికే బరువెక్కి ఉంటాయి.

గేర్ల విషయంలో మొహమాటం వద్దు. ముందు పెడల్ దగ్గరి పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక చక్రం దగ్గరిదానికి 28 పళ్లతో నంది ఎక్కేయొచ్చు. వెనక పళ్లు ఎక్కువైతే తొక్కడం తేలిక. కల్హట్టికి వెనక కనీసం 32 ఉండాలి, 34 అయితే ఇంకా మంచిది.

నందిని ఆగకుండా వరసగా రెండుసార్లు ఎక్కి, మర్నాడు కూడా సైకిలెక్కగలిగితే పేరు ఇవ్వు తమ్ముడూ. లేదంటే వచ్చే ఏడాది చూద్దాం.