క్లాష్ రాయల్: ఎక్కేకొద్దీ పెరిగే మెట్లు

2016 మార్చి 2న విడుదలైనప్పటి నుంచి క్లాష్ రాయల్ ఆడుతూ వచ్చిన అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. ఫోన్‌లో ఆడే ఆటల్లో పోరు ఇంత చక్కగా కుదిరినది నాకు మరొకటి కనపడలేదు. ఆ పోరు చుట్టూ కట్టిన దుకాణం మాత్రం ఏడాదికేడాది దాన్నే తినేస్తోంది. కొత్తగా దించుకునేవాళ్లకీ, మానేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామా అని చూసేవాళ్లకీ ఈ రెండు సంగతులూ తెలియాలి.

ముందు పోరు. ఇద్దరు ఎదురెదురుగా కార్డులతో దళాలను దించి, ఒకరి టవర్లను ఒకరు కూల్చడమే ఆట. డెక్‌లో (మీరు ఎంచుకున్న కట్టలో) ఎనిమిది కార్డులు, చేతిలో నాలుగు. కార్డు వేయడానికి కట్టే ఎలిక్సిర్ 2.8 సెకన్లకు ఒకటి చొప్పున పోగవుతుంది. పది దాటదు, నిండాక వచ్చేదంతా నేలపాలు. మ్యాచ్ మూడు నిమిషాలు, చివరి నిమిషంలో ఎలిక్సిర్ రెట్టింపు వేగంతో వస్తుంది. నియమాలు దాదాపు ఇంతే. అయినా వీటిలోంచి పుట్టే లెక్క చాలా లోతైనది. హాగ్ 2.6 అని అందరూ పిలుచుకునే డెక్ చూడండి (పేరు పక్క అంకె ఎలిక్సిర్ ఖరీదు): హాగ్ రైడర్ 4, మస్కటీర్ 4, ఫైర్‌బాల్ 4, కేనన్ 3, ఐస్ గోలెమ్ 2, లాగ్ 2, ఐస్ స్పిరిట్ 1, స్కెలిటన్స్ 1. మొత్తం 21, సగటు 2.6. ఒకసారి వాడిన కార్డు మళ్లీ చేతికి రావాలంటే మధ్యలో నాలుగు కార్డులు వేయాలి. ఈ డెక్‌లో అతి చౌకైన నాలుగింటికీ కలిపి ఆరు ఎలిక్సిర్ చాలు. హాగ్ ఖరీదు నాలుగు కలిపితే పది. అంటే మామూలు వేగంలో కూడా 28 సెకన్లకోసారి హాగ్‌ను వంతెన మీదికి పంపవచ్చు. ఎదుటివాడి డెక్‌లో హాగ్‌ను ఆపే కార్డు అంత త్వరగా తిరిగి రాకపోతే టవర్‌కు దెబ్బ తగిలినట్టే.

రక్షణ కూడా అదే లెక్క. ఎదుటివాడు ఆరు ఎలిక్సిర్ పోసి ఎలీట్ బార్బేరియన్స్‌ను దించితే, సరైన గడిలో కేనన్, సరైన క్షణంలో స్కెలిటన్స్ వేసి నాలుగుతో ఆపగలిగితే రెండు మిగులు. అలాంటి మిగుళ్లు రెండు మూడు చేరితే మ్యాచ్ చేతికొచ్చినట్టే. చదరంగంలో ఒక బంటు లాభం ఎలాంటిదో ఇక్కడ ఒక ఎలిక్సిర్ లాభం అలాంటిది. మంచి ఆటగాడికి ఈ ఆట ఇచ్చే ఆనందమంతా ఇక్కడే ఉంది.

ఆ లెక్కను చెడగొట్టేది కార్డు లెవెల్. ఒక్కో లెవెల్‌కు ప్రాణం, దెబ్బ రెండూ సుమారు 10 శాతం పెరుగుతాయి. వినడానికి చిన్నదే. కానీ ఇది చక్రవడ్డీ: రెండు లెవెళ్ల తేడా అంటే 21 శాతం, మూడంటే 33. పైగా ఈ ఆటలో చాలా కార్డులు అంచు మీద తూకం వేసినవి. లాగ్ (దుంగ) దొర్లిస్తే సమాన లెవెల్ ప్రిన్సెస్ పోతుంది. ప్రిన్సెస్ రెండు మూడు లెవెళ్లు పైనుంటే గోరంత ప్రాణంతో నిలబడి, టవర్ మీద బాణాలు వేస్తూనే ఉంటుంది. దాన్ని తీయడానికి ఇంకో కార్డు పెట్టాలి, మీ ఎలిక్సిర్ మిగులు అక్కడే పోతుంది. ఎలీట్ బార్బేరియన్స్ విషయంలోనూ అంతే. సమాన లెవెల్‌లో నాలుగు ఎలిక్సిర్‌తో ఆగేవి రెండు లెవెళ్లు పైనుంటే ఆరు అడుగుతాయి. మీరు తప్పేమీ చేయలేదు, చేసిన లెక్కే చెల్లకుండా పోయింది. మధ్య ట్రోఫీల్లో (గెలుపుకు వచ్చే పాయింట్ల మధ్య స్థాయిలో) ఇరుక్కున్నవాళ్లు మెగా నైట్‌నీ ఎలీట్ బార్బేరియన్స్‌నీ అంతగా తిట్టుకోవడానికి కారణం ఆ కార్డులు కావు. చాలామంది వాటినే ముందు మ్యాక్స్ (గరిష్ఠ లెవెల్) చేస్తారు కాబట్టి ఎదురైనప్పుడల్లా అవి లెవెల్ ఎక్కువతో వస్తాయి.

ఆ లెవెల్ ఎంత దూరమో అంకెల్లో చూద్దాం. మ్యాక్స్ 13గా ఉన్న రోజుల లెక్క తీసుకుంటాను, ఎందుకంటే నిరాశ మొదలైంది అక్కడే. కార్డులకు అరుదుతనాన్ని బట్టి కామన్, రేర్, లెజెండరీ లాంటి తరగతులున్నాయి. ఒక కామన్ కార్డును మొదటి నుంచి మ్యాక్స్ చేయడానికి అదే కార్డు ప్రతులు 9,586, గోల్డ్ (ఆటలోని నాణేలు) 1,85,625 పట్టేవి. రేర్ కార్డుకు 2,586 కార్డులు, 1,85,600 గోల్డ్. లెజెండరీకి 36 కార్డులు, 1,75,000 గోల్డ్. హాగ్ 2.6లో కామన్లు మూడు, రేర్లు నాలుగు, లెజెండరీ ఒకటి. మొత్తం 14,74,275 గోల్డ్. ఆ గోల్డ్‌లో లక్ష చొప్పున ప్రతి కార్డూ చివరి ఒక్క మెట్టుకే మింగేది. కింది లెవెళ్లు గబగబా ఎక్కేస్తుంటే ఆట ఉదారంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అలవాటు పడ్డాక, పదకొండు పన్నెండు దగ్గర ఆ దారి గోడ అవుతుంది.

2025 మార్చి దాకా గోల్డ్, కార్డులు ఎక్కువగా వచ్చింది చెస్టుల (గెలిస్తే దొరికే బహుమతి పెట్టెల) నుంచి. వాటిని ఉంచడానికి నాలుగు స్లాట్లు, ఒకసారికి ఒక్కటే తెరుచుకునేది. సిల్వర్ చెస్టుకు 3 గంటలు, గోల్డ్‌కు 8, జెయింట్‌కూ మ్యాజికల్‌కూ 12. 240 చెస్టుల చక్రంలో 180 సిల్వర్, 52 గోల్డ్, 4 జెయింట్, 4 మ్యాజికల్. గంటలు కూడితే 1,052, అంటే నిద్రపోకుండా ఒకదాని వెంట ఒకటి తెరిచినా దాదాపు 44 రోజులు. స్లాట్లు నిండాక ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా చెస్టు వచ్చేది కాదు. బాగా ఆడటానికీ ఎదగడానికీ ఉన్న తాడు ఇక్కడ తెగిపోయేది. ఎదగాలంటే ఆడటం కాదు, ఎదురుచూడటం. లేదంటే జెమ్స్ (డబ్బుతోనూ కొనుక్కునే రత్నాలు): సిల్వర్ అప్పుడే తెరవాలంటే 18, గోల్డ్ అయితే 48. జెమ్స్ ఇలా ఖర్చు పెట్టడమంత దండగ ఈ ఆటలో మరొకటి ఉండేది కాదు.

అయినా ఆ రోజుల్లో చాలామంది ఓపిక పట్టారు, నేనూ పట్టాను. మూడేళ్లో నాలుగేళ్లో పట్టినా పైన ఒక కొస ఉందని, అక్కడికి చేరితే ఇక మిగిలేది ఆటేనని నమ్మకం. 2021 అక్టోబరులో లెవెల్ 14 వచ్చింది. కింది మెట్లు కొంత చౌక చేశారు, వైల్డ్ కార్డులు (అదే తరగతిలో ఏ కార్డు బదులైనా వాడుకోగలిగేవి) ఇచ్చారు, నిజమే. కానీ మ్యాక్స్ అయిన డెక్‌లన్నీ ఒక్క రాత్రిలో మ్యాక్స్ కానివయ్యాయి. తర్వాత 15 వచ్చింది, అక్కడా ఆగలేదు. లెవెల్ పెరగడమే నాకు బాధ కాదు. ఏళ్లు పోసి కొన్న సమానత్వం, అంటే ఎదుటివాడితో తెలివి మీద మాత్రమే పోటీపడే హక్కు, అమ్మినవాళ్లే వెనక్కి తీసుకుని మళ్లీ అమ్మడం అసలు బాధ. కొత్తగా చేరేవాళ్లు దీన్ని బాగా గుర్తు పెట్టుకోవాలి. ఇక్కడ మీరు కొనే లెవెల్ సొంత ఇల్లు కాదు, అద్దె ఇల్లు.

2020 ఆగస్టు చివర్లో క్లాన్ వార్స్ (ఆటగాళ్ల బృందాల మధ్య పోటీ) మారినప్పుడు ఇదే ఇంకో దారిలో జరిగింది. కొత్త పద్ధతిలో ఒక్కొక్కరికీ నాలుగు డెక్‌లు కావాలి, ఒక డెక్‌లో ఉన్న కార్డు మరో డెక్‌లో ఉండకూడదు. అంటే 32 కార్డులు. అప్పటిదాకా ఒకే డెక్‌ను జాగ్రత్తగా పెంచుకున్న ఉచిత ఆటగాడి దగ్గర ఎనిమిది గట్టివి, ఇరవై నాలుగు బలహీనమైనవి. ఒకటే డెక్ పట్టుకుని దాన్ని లోతుగా నేర్చుకోవడం అప్పటిదాకా మంచి సలహా. క్లాన్ వార్ వరకు అదే లోపమైంది. సరదాగా నడుస్తున్న చాలా క్లాన్లు ‘డెక్‌లు పూర్తిచేయండి’ అని రోజూ ఒకరినొకరు తొందరపెట్టుకునే చోట్లుగా మారాయి.

2023 జూన్‌లో ఎవల్యూషన్లు, అంటే పాత కార్డులకే బలమైన కొత్త రూపాలు వచ్చాయి. ఒక్కోదానికి ఆరు షార్డులు (ముక్కలు) కూడబెట్టాలి. ఎవాల్వ్ అయిన స్కెలిటన్స్ కొట్టిన కొద్దీ పెరుగుతూ ఎనిమిది దాకా అవుతాయి, ఖరీదు మాత్రం అదే ఒక్క ఎలిక్సిర్. లెవెల్ తేడా అంటే కనీసం అదే కార్డు కాస్త గట్టిగా ఉండటం. ఎవల్యూషన్ అలా కాదు, అదే ధరకు వేరే కార్డు. హాగ్ 2.6 డెక్‌నే చూడండి: స్కెలిటన్స్, ఐస్ స్పిరిట్, కేనన్, మస్కటీర్ నాలుగింటికీ ఎవల్యూషన్లు వచ్చాయి. అవి లేకుండా పాత డెక్ తీసుకెళ్తే ఒకే పేరున్న రెండు వేర్వేరు డెక్‌లు తలపడినట్టు ఉంటుంది. ఆ మధ్యే టవర్ల మీద నిలబడే దళాలు కూడా మార్చుకునేవయ్యాయి, వాటికీ లెవెళ్లే.

సీజన్ పాస్ (డబ్బు కట్టి ఆ నెల అదనపు బహుమతులు పొందేది) 2019 జూలైలో 4.99 డాలర్లకు మొదలైంది. 2023లో గోల్డ్, డైమండ్ అని రెండుగా చీలి 5.99, 11.99 అయింది. కొత్త ఎవల్యూషన్‌ను త్వరగా అందించింది ఖరీదైన డైమండ్ పాస్. పాస్ మొదట్లో న్యాయమైన బేరమే, నెలకు ఒక టిఫిన్ ఖర్చు అనుకుని కొనుక్కోదగ్గదే. చీలిన తర్వాత ఆ మాట చెప్పలేను.

కొత్త కార్డు వచ్చినప్పుడు కాసేపు చేతులు కట్టుకుని చూడటం ఈ ఆటలో నేర్చుకోవాల్సిన పాఠాల్లో ముఖ్యమైనది. 2017లో నైట్ విచ్, 2022లో ఫీనిక్స్ రెండూ అతి బలంగా వచ్చి, తర్వాత బలం తగ్గించుకున్నవే. ఫీనిక్స్‌నైతే ఒకసారి కాదు, పలుమార్లు తగ్గించారు. మొదటి వారంలోనే వైల్డ్ కార్డులూ గోల్డూ పోసి పెంచినవాళ్లకు అవి తిరిగి రావు. కార్డుల బలాన్ని సరిదిద్దే మొదటి బ్యాలెన్స్ మార్పు అయ్యేదాకా కొత్తదాని మీద ఒక్క గోల్డ్ కూడా పెట్టకండి.

2025 మార్చి చివర్లో వచ్చిన మార్పుతో చెస్టులూ టైమర్లూ పోయాయి. ఏళ్ల తరబడి అడిగినది దొరికింది, మానేసినవాళ్లు చాలామంది ఆ వేసవిలో తిరిగొచ్చారు. ఎదురుచూపు పోవడం నిజంగా మేలే. దాని బదులు వచ్చిన లక్కీ డ్రాప్ మాత్రం నాకు నచ్చలేదు. పెట్టె మీద తడుతుంటే నక్షత్రాలు పెరగవచ్చు, పెరగకపోవచ్చు. మెరుపులు, చప్పుడు, చివరి తట్టు దగ్గర ఊపిరి బిగబట్టడం. పాత చక్రంలో కనీసం ఏ చెస్టు ఎప్పుడు వస్తుందో లెక్కపెట్టుకోగలిగేవాళ్లం. ఇప్పుడు లెక్కకు చోటు లేదు, అదృష్టానికే ఉంది. పిల్లల చేతిలో ఫోన్ ఉన్న ఇళ్లలో ఇది ఆలోచించాల్సిన సంగతి. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పందెం ఆటలను. ఆ నిషేధం ఇలాంటి పెట్టెల ఆటల కోసం తెచ్చినది కాదు కాబట్టి జాగ్రత్త ఇంట్లోవాళ్లదే.

దుకాణం ధరలు చదవడం కూడా నేర్చుకోవాలి. చాలాకాలం 80 జెమ్స్ 0.99 డాలర్లకు, 14,000 జెమ్స్ 99.99 డాలర్లకు అమ్మారు. ఒక్కో జెమ్ ధర పెద్ద మూటలో నలభై శాతానికి పైగా తక్కువ. చిన్న మూట అమ్మడానికి ఉన్నది కాదు, పెద్ద మూటను చౌకగా చూపించడానికి ఉన్నది. ఆఫర్ల మీద ‘ఇన్ని రెట్ల విలువ’ అని వేసేది కూడా దుకాణం సొంత ధరలతో పోల్చి వేసిన అంకె. ట్రోఫీలు పెరిగి అరీనా (పోరు వేదిక) మారగానే, గడియారం తిరుగుతూ ఒక ఆఫర్ తెర మీదికొస్తుంది. అది చూసి తొందరపడకండి.

ఆడాలనే నిర్ణయించుకుంటే ఇలా చేయండి. ఒక డెక్ ఎంచుకుని, అందులో చౌక కార్డులూ స్పెల్‌లూ ముందు పెంచండి. ప్రతి మ్యాచ్‌లో ఎక్కువసార్లు వాడేవి అవే, అంచు మీద తూకం తప్పేది కూడా వాటి దగ్గరే. లెజెండరీ వైల్డ్ కార్డులు అరుదుగా వస్తాయి కాబట్టి డెక్‌లో ఉన్న లెజెండరీకే దాచండి. ఉచితంగా వచ్చిన జెమ్స్ ఛాలెంజ్‌ల ప్రవేశానికి వాడండి. అక్కడ లెవెల్‌కు పరిమితి ఉంటుంది, మూడు ఓటములకు బయటికొస్తారు, ఓడినా నేర్చుకుంటారు.  క్లాన్‌లో స్నేహితులతో ఆడే పోరుల్లో ఇద్దరివీ సమాన లెవెళ్లే. నా దృష్టిలో అసలైన క్లాష్ రాయల్ ఇప్పుడు అక్కడే బతికుంది. వరుసగా మూడు ఓడితే లాడర్ (ట్రోఫీల కోసం ఆడే మామూలు పోరు) వదిలేయండి. కోపంలో ఎలిక్సిర్ లెక్క చేతికి రాదు, దుకాణం బొత్తాం మాత్రం దగ్గరగా కనపడుతుంది.

డబ్బు వైపు కొన్ని ఏర్పాట్లు తప్పనిసరి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ ధృవీకరణ అడిగేలా పెట్టండి. ప్లే స్టోర్‌లోనే పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ కింద నెలవారీ బడ్జెట్ పెట్టుకోవచ్చు, కానీ అది హెచ్చరిస్తుందే గానీ ఆపదు. నిజంగా ఆపే దారి ఇది: బ్యాంకు కార్డు వివరాలు తీసేసి, ఖర్చు పెట్టదలచినంత మొత్తానికే గిఫ్ట్ కోడ్ వేసుకోవడం. ఐఫోన్‌లోనైతే స్క్రీన్ టైమ్‌లోని కంటెంట్ అండ్ ప్రైవసీ రెస్ట్రిక్షన్స్‌కు వెళ్లి ఇన్-యాప్ పర్చేజెస్ పూర్తిగా ఆపేయవచ్చు. పొరపాటున పిల్లలు కొన్నారని తెలిస్తే ఆలస్యం చేయకండి. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల్లోపు అయితే అక్కడే రిఫండ్ అడగవచ్చు. డబ్బు వెనక్కి వచ్చాక, అప్పటికే ఖర్చయిన జెమ్స్ ఖాతాలో మైనస్‌లో కనిపించవచ్చు. ఆ అప్పు తీరేదాకా వచ్చే జెమ్స్ అందులోకే పోతాయి, కాబట్టి రిఫండ్ అడిగే ముందు పిల్లలకు ఆ సంగతి చెప్పి ఉంచండి.