పదమూడేళ్లు వాడిన ల్యాండ్ క్రూజర్ 100 అమ్ముతున్నా, కొనేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

2001 మోడల్ టొయోటా ల్యాండ్ క్రూజర్ 100 సిరీస్, 4.7 లీటర్ల వీ8 పెట్రోల్, ఆటోమేటిక్. పదమూడేళ్లుగా నా దగ్గరే ఉంది. అమ్మకానికి పెట్టి మూడు వారాలైంది, వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదట్నుంచి చెప్పుకొచ్చే బదులు ఒకచోట రాసేద్దామనిపించింది. నచ్చక అమ్మట్లేదు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంత ఎత్తు ఎక్కి దిగడం నా వల్ల కావట్లేదు, అంతే.

ఇంజిన్ గురించి పెద్దగా చెప్పడానికి ఏం లేదు, అదే దాని గొప్పతనం. నిండా లోడుతో ఘాట్ ఎక్కినా టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదిలింది చూళ్లేదు. పెట్రోల్ మాత్రం బాగా తాగుద్ది, పైన టెంట్ బిగించాక ఇంకా ఎక్కువైంది, గాలి హోరు కూడా, అందుకే టెంట్ తీసి పక్కన పెట్టా, కావాలంటే బండితోపాటు ఇస్తా.

అందరూ ముందు మీటర్ చూస్తారు కాబట్టి అది చెప్తా. కంపెనీ టైర్ సైజు 275/70 ఆర్ 16, నేను వేసింది 285/75 ఆర్ 16. టైర్ పెద్దదైతే ఒక్క చుట్టుకి బండి ఎక్కువ దూరం పోద్ది, మీటర్‌కి ఆ సంగతి తెలీదు, దాంతో ఐదు శాతం పైనే తక్కువ చూపిస్తుంది. 1,60,000 దగ్గర మార్చా, ఇప్పుడు 2,86,000 ఉంది, అంటే అసలు తిరిగింది దాదాపు ఏడు వేలు ఎక్కువ. ఈ మాట చెప్తే కొందరు నా వైపు అనుమానంగా చూస్తున్నారు, నిజానికి పెద్ద టైర్లు వేసిన ఏ బండికైనా ఇదే లెక్క. దీంట్లో ఉండేది టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ వాల్వుల్ని నడిపే రబ్బరు బెల్ట్), సుమారు 1,45,000 కిలోమీటర్లకోసారి మార్చాలి, మీటర్‌ని గుడ్డిగా నమ్మితే గడువు దాటిపోతాం. అందుకే రెండోసారి ముందుగానే 2,70,000 దగ్గరే మార్పించేశా, వాటర్ పంపుతో కలిపి. ఎలాగూ బెల్ట్ విప్పుతున్నప్పుడు పంపు వదిలేయడం తెలివితక్కువ పని.

లిఫ్ట్, అంటే బండిని మామూలు కంటే పైకి లేపడం, రెండు అంగుళాలు. దీంట్లో నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నా. ముందు సస్పెన్షన్‌కి కాయిల్ స్ప్రింగులు ఉండవు, టార్షన్ బార్లు ఉంటాయి, అంటే మెలితిరుగుతూ స్ప్రింగ్‌లా పనిచేసే ఉక్కు కడ్డీలు, వాటి బోల్ట్ బిగిస్తే ముందు భాగం లేస్తుంది. మొదట వెళ్లిన షెడ్డులో ఆ బోల్టులు బిగించేసి లిఫ్ట్ అయిపోయిందన్నారు. బార్ గట్టితనం పెరగలేదు, చక్రం కిందికి దిగే జాగా మాత్రం పోయింది, చిన్న గుంటలో దిగినా ఠక్కుమని కొట్టేది, పైగా డ్రైవ్ షాఫ్టుల వంపు ఎక్కువై ఏడాది తిరక్కుండానే వాటి కీలు మీదుండే రబ్బరు తొడుగు (బూట్) చిరిగి గ్రీజంతా రిమ్ లోపల చిమ్మింది. తర్వాత వేరే మెకానిక్ దగ్గర లావు టార్షన్ బార్లు, కొత్త అప్పర్ ఆర్ములు వేయించి, ముందు డిఫరెన్షియల్‌ని (చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టె, డిఫ్ అంటాం) కాస్త కిందికి దించి బిగించాక కానీ బండి మళ్లీ బండిలా నడవలేదు. ముందున్న స్టీల్ బంపర్, వించ్ (బండి ఇరుక్కుంటే తాడుతో లాగే మిషన్) బరువుకి కూడా ఆ లావు బార్లే సరిపోయాయి.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. గంటల తరబడి నడిపి, వేడి మీదున్న బండిని నేరుగా వాగులో దించా. వేడి డిఫ్ ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని సీళ్లలోంచి నీళ్లు లాగేసుకుంటుంది. మర్నాడు వెనక డిఫ్ ప్లగ్ విప్పితే పాలు కలిపిన కాఫీ రంగులో కారింది ఆయిల్! రెండుసార్లు ఆయిల్ పోసి కడిగి, డిఫ్‌కి గాలి ఆడే బ్రీదర్ పైపుల్ని పైన ఇంజిన్ బే దాకా పొడిగించా. ఆ తర్వాత ఎన్నిసార్లు నీళ్లలో దింపినా ఆయిల్ రంగు మారలేదు.

రేటు దగ్గరికొస్తే, ఈ సామానుకి పెట్టిన ఖర్చు తిరిగొస్తుందని నేను అనుకోవట్లేదు, అడగను కూడా. కానీ రోడ్డు మీద తిప్పడానికే కావాలి, బంపర్ తీసేసి రేటు తగ్గించండి అనేవాళ్లకి ఇవ్వబుద్ధి కావట్లేదు. మొన్న ఒక అబ్బాయి వచ్చాడు, తలుపు కూడా తీయకుండా ముందు టార్చ్ పట్టుకుని కిందికి దూరాడు, ఛాసిస్ పొడుగునా వేలు రాస్తూ పోయాడు. కొత్తగా నల్లరంగు కొట్టించలేదేంటి సార్ అన్నాడు. అమ్మే ముందు రంగు కొట్టిస్తే తుప్పు దాస్తున్నానని నువ్వే అనుకుంటావు కదయ్యా అన్నా. వెనక కుడి స్ప్రింగ్ సీటు దగ్గర పైపైన తుప్పుంది, అదీ చూపించా. డిఫ్ ప్లగ్ విప్పమంటే విప్పి వేలికి ఆయిల్ అంటించి చూపించా, తేనె రంగులో ఉంది. అరగంట సేపు బిల్లుల ఫైల్ తిరగేశాడు. రేటు గురించి ఒక్క మాట కూడా అడగలేదు, ఈ ఆదివారం వాళ్ల నాన్నగారితో వస్తానన్నాడు.

ఎవరు కొన్నా పాత బంపర్, పాత టార్షన్ బార్లు, కంపెనీ రిమ్ములు, అన్నీ మూటకట్టి ఇచ్చేస్తా, ఒక్క నట్టు కూడా పారేయలేదు. మళ్లీ మామూలుగా చేయలేనిది ఒక్కటే, స్నార్కెల్ (ఇంజిన్‌కి పై నుంచి గాలి అందించే గొట్టం) కోసం ఫెండర్‌కి కొట్టిన రంధ్రం. అది నచ్చకపోతే ఫెండర్ మొత్తం మార్చుకోవాలి, ఆ ఖర్చు రేటులో తగ్గిస్తా.