షోరూంలో విన్న వీణ, మా హాల్లో విన్న వీణ: కెఫ్ ఎల్ఎస్50 మెటాతో మూడున్నరేళ్లు

మూడున్నరేళ్ల కిందట ఒక శనివారం సికింద్రాబాద్‌లో ఒక ఆడియో షాపులో దాదాపు మూడు గంటలు కూర్చున్నాను. అప్పటికి ఇంట్లో పదేళ్ల నాటి హోం థియేటర్ సెట్టు ఉండేది. సినిమాలకు పరవాలేదు కానీ, పాట పెడితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. అమ్మ రోజూ కర్ణాటక సంగీతం వింటుంది. హాల్లో అంత సెట్టు పెట్టుకుని ఆవిడ ఫోన్ చెవి దగ్గర పట్టుకుని వింటోందని గమనించాక ఇక ఆగబుద్ధి కాలేదు.

షాపుకు పెన్‌డ్రైవ్‌లో బాగా తెలిసిన రికార్డింగులే పట్టుకెళ్లాను. చిట్టిబాబు వీణ, బాలమురళీకృష్ణ కచేరీ ఒకటి, షేక్ చిన మౌలానా నాదస్వరం, ఘంటసాల పాతవి రెండు. ఎవరు కొనడానికి వెళ్తున్నా నేను మొదట చెప్పేది ఇదే. షాపువాళ్లు వేసే డెమో పాటలు ఏ స్పీకర్లోనైనా బాగానే ఉంటాయి.

మొదట నేల మీద నిలబెట్టే పెద్ద స్పీకర్లు వినిపించారు. ఐదు నిమిషాలకే మనసు అటు మొగ్గింది. తర్వాత చిన్నవి వేశారు, చప్పగా అనిపించాయి. అనుమానం వచ్చి ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెడితే రెండింటికీ మూడు డెసిబెళ్ల తేడా ఉంది. కాస్త గట్టిగా మోగేదే మంచిదని చెవి నమ్మేస్తుంది. వాల్యూమ్ సమానం చేయించి మళ్లీ మొదటి నుంచి విన్నాను.

అప్పుడు తెలిసింది. వీణలో మీటు పడ్డాక ఎడమచేతి వేలు తీగను మెట్టు మీద పక్కకు లాగుతుంది కదా, ఆ లాగుడులో స్వరం ఎక్కడా తెగకుండా, సన్నబడుతూ, చివరి దాకా వినిపించింది. పెద్ద స్పీకర్లలో అదే చోట మందంగా, మసగ్గా అయిపోయింది. వారం ఆగి ఇంకోసారి వెళ్లి విన్నా అదే మాట అనిపించింది. ఆ చిన్నవే, కెఫ్ కంపెనీ ఎల్ఎస్50 మెటా స్పీకర్లు, తీసుకున్నాను, వాటికి తోడు మరాంట్జ్ పీఎం6007 యాంప్లిఫయర్.

కెఫ్‌ను 1961లో ఇంగ్లండ్‌లోని కెంట్‌లో మొదలుపెట్టిన రేమండ్ కుక్ అంతకుముందు బీబీసీలో ఇంజినీరు. బీబీసీ తన అవుట్‌డోర్ ప్రసారాల వ్యాన్ల కోసం ఎల్ఎస్3/5ఏ అనే చిన్న మానిటర్ స్పీకర్ తయారు చేసుకున్నప్పుడు అందులో వాడింది కెఫ్ డ్రైవర్లే, అంటే లోపల శబ్దం పుట్టించే భాగాలే. ఆ స్పీకర్ మీద గౌరవంతోనే కంపెనీకి యాభై ఏళ్లు నిండిన గుర్తుగా 2012లో ఎల్ఎస్50 వచ్చింది. దాని కొత్త రూపమే 2020లో వచ్చిన మెటా. ఇందులో ఐదుంపావు అంగుళాల కోన్ నడిమధ్యలోనే ట్వీటర్, అంటే సన్నని స్వరాలు పలికే చిన్న డ్రైవర్, ఉంటుంది. సన్నని స్వరమూ బొంగురు స్వరమూ ఒకే చోటి నుంచి వస్తాయి కాబట్టి గొంతు రెండు ముక్కలైనట్టు ఉండదు.

ఇంటికి తెచ్చిన మొదటి వారం మాత్రం చాలా టెన్షన్ పడ్డాను. మృదంగం ఎడమ వైపు దెబ్బ పడితే హాలంతా గుమ్మని పట్టుకునేది. షాపులో ఇది లేదే! తప్పు స్పీకర్లది కాదు, మా హాలుది. 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. వెడల్పూ ఎత్తూ దగ్గర దగ్గరగా ఉండటంతో 50, 55 హెర్ట్జ్ చుట్టూ, అంటే బాగా కింది బేస్ స్వరాల దగ్గర, వాటి రెట్టింపు దగ్గరా మోత పోగుపడుతుంది. పైగా కింద నున్నటి టైల్స్, ఒక పక్క బాల్కనీ అద్దం. స్పీకర్ వెనక గాలి వచ్చే రంధ్రం ఉంటుంది, నేనేమో గోడకు జానెడు దూరంలో పెట్టాను.

రెండడుగులు ముందుకు జరిపాను. రంధ్రంలో ఫోమ్ బిరడా పెట్టాను. వడ్రంగితో 24 అంగుళాల స్టాండ్లు చేయించాను, కూర్చుంటే ట్వీటర్ సరిగ్గా చెవి ఎత్తుకు వస్తుంది. నేల మీద మందపాటి తివాచీ, అద్దానికి బరువైన కర్టెన్. ఈ మార్పులకు నెల పట్టింది. యాంప్లిఫయర్ మార్చినా ఇంత తేడా వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. వేల రూపాయల కేబుల్స్ తీసుకోమని షాపులో చాలాసేపు చెప్పారు. నేను ఎలక్ట్రికల్ షాపులో 2.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు కొన్నాను, ఈ రోజుకీ అదే.

డిష్ సెట్‌టాప్ బాక్స్ కలిపినప్పుడు సన్నగా ఝుమ్మనే మోత వచ్చింది. మామూలు కేబుల్ తీసేసి ఆప్టికల్ పెడితే పోయింది, అందులో వెళ్లేది వెలుతురే తప్ప కరెంటు కాదు కాబట్టి.

పీఎం6007 ఎనిమిది ఓమ్‌ల దగ్గర 45 వాట్లు ఇస్తుంది. ఈ స్పీకర్ల సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా మోగుతాయన్నది, 85 డెసిబెళ్లే, కనీసం 40 వాట్లు ఉండాలని కంపెనీయే అంటుంది. మా హాలుకు సరిపోయింది. ఇంకా పెద్ద గది అయితే ఈ జోడీ వద్దంటాను. రాత్రి పదకొండు దాటాక పక్క ఫ్లాటుకు ఇబ్బంది లేకుండా తగ్గించి వింటాను, అప్పుడు లౌడ్‌నెస్ బటన్ నిజంగా పనికొస్తుంది. శబ్దం తగ్గితే మన చెవికి బేస్ ఇంకా తక్కువగా అందుతుంది, అది కొంత భర్తీ అవుతుంది.

లోటు ఉంది. 79 హెర్ట్జ్ కిందికి శబ్దం తగ్గుతూ పోతుంది. డోలు మోగితే పొట్టలో తెలియాలి, తెలియదు. ఇప్పటి సినిమా పాటల్లో బేసే ప్రాణం అనుకునేవాళ్లు సబ్‌ఊఫర్ (బేస్ కోసమే విడిగా పెట్టే స్పీకర్) ఖర్చు కూడా కలిపి చూసుకోవాలి. పెట్టెలో ముందు కప్పే గ్రిల్ రాదు, మెరిసే ఆ ట్వీటర్‌ను చూస్తే చిన్నపిల్లలు వేలు పెట్టకుండా ఉండరు. మా ఇంట్లో వినడం అయిపోగానే గుడ్డ కప్పుతాం.

ఇంకోటి, చెడ్డ రికార్డింగును ఇది దాచదు. క్యాసెట్ల నుంచి ఎప్పుడో 128 కేబీపీఎస్ తక్కువ నాణ్యతలో కంప్యూటర్లోకి ఎక్కించుకున్న నాదస్వరం చెవిలో గీరినట్టయింది. నాన్న దాచిన క్యాసెట్లు తీసి, వర్షాకాలమంతా కూర్చుని, నలభై రెండు మళ్లీ ఎక్కించాను.

ఘంటసాల మోనో రికార్డింగులు వేస్తే టేపు గుసగుస ముందు వినిపిస్తుంది, ఆ తర్వాత రెండు స్పీకర్ల మధ్య, ఖాళీ గోడ దగ్గర, గొంతు నిలబడుతుంది. మొదటిసారి విన్నప్పుడు అమ్మ కూరగాయలు తరగడం ఆపేసి, "చరణం ఎత్తుకునే ముందు ఆయన ఊపిరి తీసుకోవడం వినిపిస్తోందిరా" అంది. ఆవిడ కుర్చీ ఇప్పుడు తివాచీ అంచున, రెండు స్పీకర్లకూ సమాన దూరంలో ఉంటుంది. ఊడ్చేటప్పుడు జరిపితే మళ్లీ అక్కడే పెట్టడానికి నేల మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుంది.