7805 పీకేసి స్విచింగ్ రెగ్యులేటర్: స్పెక్ట్రమ్ 48కెలో మూడేళ్ల వాడకం

రబ్బరు కీల స్పెక్ట్రమ్‌ని (1980ల నాటి సింక్లెయిర్ ఇంటి కంప్యూటర్) ఓ అరగంట ఆడించి కీబోర్డు మీద అరచెయ్యి ఆనిస్తే ఒక పక్క వెచ్చగా తగులుతుంది. అది 7805 వేడి, అంటే అడాప్టర్ వోల్టేజీని 5 వోల్టులకి దించే రెగ్యులేటర్ వేడి. అడాప్టర్ మీద 9 వోల్టులని రాసి ఉన్నా, లోపలున్నది ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, కెపాసిటర్ మాత్రమే. లోడ్ మీద కూడా పదీ పదకొండు వోల్టులు ఇస్తుంది. బోర్డు 0.7 ఆంపియర్ లాగితే 5 వోల్టులు పోగా మిగిలిందంతా 7805 వేడిగా కక్కుతుంది, దాదాపు 4 వాట్లు. వెనక డివ్‌ఎంఎంసీ (ఎస్‌డీ కార్డు నుంచి ఆటలు ఎక్కించేది) లాంటి కార్డు తగిలిస్తే ఇంకా పెరుగుతుంది. పక్కనున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోవడానికి ఈ వేడి బాగా సాయం చేస్తుంది.

ఈ సమీక్ష ఇష్యూ 3 బోర్డు (స్పెక్ట్రమ్ బోర్డుల్లో మూడో రకం) మీద. 16కె నుంచి 48కెకి పెంచినది, టీవీ వీడియో సాకెట్‌కి నేరుగా బొమ్మ వెళ్లేలా కాంపోజిట్ వీడియో మార్పు చేసినది, డివ్‌ఎంఎంసీతో నడిచేది. 7805 స్థానంలో పెట్టింది ట్రాకో టీఎస్ఆర్ 1-2450 అనే స్విచింగ్ రెగ్యులేటర్ మాడ్యూల్. ఇది మిగులు వోల్టేజీని వేడిగా కక్కకుండా, కరెంటుని వేగంగా ఆపి వదులుతూ 5 వోల్టులకి దించుతుంది. కాళ్ల వరస 7805దే: ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. ఇన్‌పుట్ 6.5 నుంచి 36 వోల్టుల దాకా తట్టుకుంటుంది, 1 ఆంపియర్ ఇస్తుంది. మూడేళ్లలో ఒక్కసారీ మొరాయించలేదు. హీట్‌సింక్ పలక తీసేశాం, గంటలు నడిచాక కూడా మాడ్యూల్‌ని వేలితో పట్టుకోవచ్చు.

బిగించే ముందు దాన్ని బల్ల మీదే పరీక్షించాలి. 5.6 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌ని అవుట్‌పుట్‌కి కలిపితే 0.9 ఆంపియర్ పారుతుంది. పావుగంట నడిపి మీటర్ చూస్తే 4.85కీ 5.15కీ మధ్య కదలకుండా ఉండాలి. రెసిస్టర్ మాత్రం కాలిపోయేంత వేడెక్కుతుంది, దాన్ని ముట్టుకోవద్దు. నకిలీ సరుకు ఈ పరీక్షలో నిలబడదు.

పాత 7805ని ఒక్క ముక్కగా లాగబోతే బోర్డు మీది రాగి ప్యాడ్ ఊడొస్తుంది. ముందు కాళ్లు కత్తిరించి బాడీ తీసేయండి, తరువాత ఒక్కో కాలూ వేడి చేసి లాగండి. గ్రౌండ్ కాలు మొండికేస్తుంది, రాగి అంతా వేడిని లాగేసుకుంటుంది. అక్కడ సోల్డరింగ్ ఐరన్‌ని ఎక్కువసేపు అదిమే బదులు కొంచెం కొత్త సోల్డర్ కలిపితే తొందరగా కరుగుతుంది.

ఇక చాలామంది చూసుకోని సంగతి. స్పెక్ట్రమ్‌లో 5 వోల్టులొక్కటే సరిపోదు. కింది 16కెలోని 4116 మెమరీ చిప్‌లకి +12, -5 కూడా కావాలి. వాటిని టీఆర్4 (జెడ్‌టీఎక్స్650), టీఆర్5 (జెడ్‌టీఎక్స్213) అనే రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కాయిల్ కలిసి నేరుగా అడాప్టర్ వోల్టేజీ నుంచే తయారు చేస్తాయి. ఆ సర్క్యూట్ వోల్టేజీని పెంచగలదే గాని తగ్గించలేదు. స్విచింగ్ రెగ్యులేటర్ తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి అది పెట్టాక అడాప్టర్ మీద బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే పాత అడాప్టర్ వోల్టేజీ పైకి లేస్తుంది, దాంతోపాటే 12 వోల్టుల లైనూ లేస్తుంది. 4116 భరించేది 10.8 నుంచి 13.2 వరకే. అందుకని పాత అడాప్టర్‌ని పక్కన పెట్టి, రెగ్యులేటెడ్ 9 వోల్టులు, కనీసం 1.5 ఆంపియర్లది వాడండి. ప్లగ్గు మధ్యలో నెగటివ్ ఉండాలి. మన దగ్గర దొరికే రౌటర్ అడాప్టర్లలో చాలామటుకు మధ్యలో పాజిటివే. గిటార్ పెడల్ అడాప్టర్లకి ధ్రువం కుదురుతుంది గానీ వాటిలో చాలావాటికి ఆంపియర్లు చాలవు. ఈ బోర్డులో ఉల్టా కనెక్షన్‌కి అడ్డుపడే డయోడ్ లేదు, ఒక్కసారి తప్పితే చాలు.

నిజం చెప్పాలంటే ఒక్క అడాప్టర్ మారిస్తేనే వేడి 3 వాట్ల లోపుకి దిగుతుంది. ఏ కార్డులూ లేని ఉత్త 48కె మెషిన్‌కి అది చాలు, రెగ్యులేటర్ జోలికి పోనక్కర్లేదు.

బిగించాక కొలతలు ఏదైనా ఒక 4116 మీద తీసుకోండి. గ్రౌండ్ 16వ పిన్ను. 1 మీద -5, 8 మీద +12, 9 మీద +5 రావాలి. -5 కనబడకపోతే వెంటనే కరెంటు తీసేయండి. ఆ వోల్టేజీ లేకుండా +12 మాత్రం వెళ్తే 4116లు కాలే వేడెక్కి చచ్చిపోతాయి. సాధారణంగా అప్పుడు పోయి ఉండేది టీఆర్4. కరెంటు ఉండగా వెనక కార్డు పెట్టడం, తియ్యడమే దానికి మామూలు కారణం. బదులుగా జెడ్‌టీఎక్స్651 పనిచేస్తుంది. టీఆర్5కి వేరే రకం వేస్తే కాళ్ల వరస డేటాషీట్‌లో చూడకుండా వెయ్యొద్దు.

లోపం ఒకటుంది. కాంపోజిట్ బొమ్మ మీద, ముఖ్యంగా ఒకే రంగు నిండిన బోర్డర్‌లో, సన్నటి ఏటవాలు గీతలు పారతాయి. రెగ్యులేటర్ స్విచింగ్ వల్ల కరెంటులో పుట్టే అలజడి అది. ఇన్‌పుట్ పక్కనున్న పాత ఎలక్ట్రోలైటిక్ తీసి 22 మైక్రోఫారడ్ 25 వోల్టుల కొత్తది వేసి, మాడ్యూల్ కాళ్లకి ఆనుకుని 10 మైక్రోఫారడ్ సెరామిక్ ఒకటి పెడితే దగ్గరగా వెళ్లి చూస్తే తప్ప తెలియనంతగా తగ్గాయి. పూర్తిగా పోలేదు.

రీకామ్ ఆర్-78ఈ5.0-1.0 కూడా ఇదే పని చేస్తుంది, చవక. కాకపోతే ఇన్‌పుట్ 8 వోల్టులకి తగ్గకూడదు. సన్నటి తీగ అడాప్టర్‌తో ఆ అంచు దగ్గరపడుతుంది. చిన్న స్క్రూ తిప్పి వోల్టేజీ సర్దుకునే చవక మాడ్యూళ్లు మాత్రం వద్దు. ఆ స్క్రూ లోపల కాంటాక్ట్ వదిలిందంటే అవుట్‌పుట్ ఇన్‌పుట్ దాకా ఎక్కి, యూఎల్ఏతో (బొమ్మ, కీబోర్డు చూసుకునే ప్రత్యేక చిప్) సహా అన్నీ పోతాయి.

7805 అయితే కోఠి గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకి వస్తుంది, ఈ మాడ్యూల్‌కి కొన్ని వందలు పెట్టాలి. కార్డులు రెండు మూడు తగిలించేవాళ్లు ఇంకొంచెం వేసుకుని 2 ఆంపియర్ల టీఎస్ఆర్ 2-2450 తీసుకోవడం మేలు. అది కాస్త పెద్దది, మూత పట్టేదీ లేనిదీ ముందే కొలుచుకోండి.