హై ఐలండ్ 389 డైవింగ్ యాత్ర: కోసి వదిలిన రిగ్గు మీద ఒక సమీక్ష

టెక్సాస్‌లోని గాల్వెస్టన్ తీరానికి నూరు మైళ్ళకు పైబడిన దూరంలో, ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్ జాతీయ సముద్ర సంరక్షణ ప్రాంతంలో, హై ఐలండ్ ఎ-389-ఎ అనే పాత ప్లాట్‌ఫారమ్, అంటే సముద్రగర్భం నుంచి సహజవాయువు తీసేందుకు కట్టిన రిగ్గు, ఉంది. 1981లో నిలబెట్టిన ఈ కట్టడాన్ని పని ముగిశాక పూర్తిగా పీకివేయలేదు. 2018లో పైభాగాన్ని మాత్రం నీటిమట్టానికి దాదాపు 65 అడుగుల దిగువన కోసి తీసుకుపోయి, మిగిలిన ఉక్కు కాళ్ళనూ అడ్డకమ్ములనూ కృత్రిమ రీఫ్‌గా, అంటే సముద్రజీవులు చేరి పెరిగే దిబ్బగా, జలచరాలకు వదిలిపెట్టారు. దీన్ని చూపించే డైవింగ్ యాత్రకు గత వేసవిలో వెళ్ళివచ్చాను. హ్యూస్టన్ వైపు తెలుగు డైవర్లు కొందరు అడిగినందున రాస్తున్నాను.

పడవ రాత్రంతా ప్రయాణించి తెల్లవారేసరికి అక్కడికి చేరుతుంది. పడకలు ఇరుకు, భోజనం ఫరవాలేదు. మొదటిసారి అలల వల్ల యాత్ర రద్దయినప్పుడు డబ్బు వెనక్కి ఇవ్వక మరో తేదీ ఇచ్చారు. దానికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది, దిగేముందు చెప్పవలసిన జాగ్రత్తలను రెండు నిమిషాల్లో ముగించడం. అక్కడ సముద్రపు అడుగు 410 అడుగుల లోతున ఉంటుంది కాబట్టి, నీటిలో మునగక తేలక నిలిచే అదుపు తప్పినవాడికి కాలు ఆనే చోటంటూ ఉండదు.

నీలిమలో కొంతసేపు ఏమీ కనబడక, ఆ తరువాత ఒక్కసారిగా కోత పెట్టిన కాళ్ళు, పైకప్పు లేచిపోయిన పాత లోగిలి స్తంభాల్లా, కింది నుంచి పైకి వస్తున్నట్లు తోచే ఆ క్షణానికే టికెట్ డబ్బు చెల్లిపోయింది. కమ్ముల మధ్య బారకుడా చేపలు కదలక నిలిచి ఉన్నాయి. అయితే మాబోటి వినోద డైవర్లకు పరిమితి 130 అడుగులు. అంటే నిలిచి ఉన్న 345 అడుగుల కట్టడంలో మనం చూడగలిగేది పై 65 అడుగులే. వెలుతురు బాగా అందే పై భాగమే కోతలో పోయిందన్నది నా అసంతృప్తి, ఓడల రాకపోకల దృష్ట్యా అది తప్పదని తెలిసినా.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇలాంటి కమ్ముల మీద విరగబూసినట్లుండే నారింజ రంగు కప్ కోరల్ అనే పగడం ఈ సముద్రానిది కాదు. లయన్‌ఫిష్ అనే చేప లాగే ఇండో-పసిఫిక్ జలాల నుంచి వచ్చింది. పక్కనున్న సహజ పగడపు దిబ్బల మీద కనబడితే దాన్ని పనిగట్టుకుని తొలగిస్తారు. ఫొటోల్లో అందరినీ ఆకట్టుకునేదే కలుపుమొక్క కావడం విచిత్రం! పైగా రిగ్గులు చేపలను పెంచుతున్నాయా, లేక చుట్టుపక్కలవాటిని ఒకచోటికి చేరుస్తున్నాయా అన్న వాదం శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తెగలేదు. పాత రిగ్గులను రీఫ్‌లుగా మార్చే టెక్సాస్ పథకంలో రిగ్గు సొంతదారు కంపెనీ, పూర్తిగా పీకివేయనందువల్ల తనకు మిగిలిన తొలగింపు ఖర్చులో సగాన్ని రాష్ట్ర రీఫ్ నిధికి ఇస్తుంది గనుక, దీన్ని కేవలం ప్రకృతి సేవగా వర్ణించే ప్రచారపత్రాలను కొంత తగ్గించుకుని చదవడం మంచిది.

డైవ్‌కు అయిదుకు నాలుగున్నర, పడవకు మూడు మార్కులు ఇస్తాను. కొత్తగా సర్టిఫికెట్ తీసుకున్నవారు ముందు మరికొన్ని లోతైన డైవ్‌లు చేసి రావాలి. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు ఎక్కువగా ఉన్న గాలి) శిక్షణ ఉన్నవారికి ఆ లోతులో నిమిషాలు కలిసివస్తాయి. నాకు అది లేనందువల్ల రెండో కాలి దాకా వెళ్ళకముందే పైకి రావలసి వచ్చింది.