పెద్ద ఇంజెక్టర్లు, ఈసీయూ కాలిబ్రేషన్: చాన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

నా కారుది టర్బో ఇంజిన్, పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని ఇన్‌టేక్ దారిలో చల్లే పద్ధతి), లోపలికొచ్చే గాలి కొలవడానికి ఎంఏఎఫ్ సెన్సర్. కంపెనీ ఇచ్చిన స్టాక్ ఇంజెక్టర్లు తీసేసి బాష్ ఈవీ14 బాడీ ఉన్న 1000 సీసీ (నిమిషానికి పోసే పెట్రోల్) సెట్ వేయించి చాన్నాళ్లుగా రోజూ నడుపుతున్నా. ఇంజెక్టర్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, హై ఇంపీడెన్స్ (కాయిల్ నిరోధం ఎక్కువ), 12 ఓమ్స్, స్టాక్ ఈసీయూనే (ఇంజిన్ కంప్యూటర్) నడిపేస్తుంది, రెసిస్టర్ బాక్స్ గొడవ లేదు, ఇప్పటిదాకా లీకులు లేవు. కథంతా ఈసీయూలోనే ఉంది. ఇవే ఇంజెక్టర్లని రెండు కాలిబ్రేషన్ల (ఈసీయూలోని లెక్కల సెట్టింగుల) మీద నడిపాను కాబట్టి తేడా బాగా తెలుసు.

మొదటిది ఒక షాపులో చేయించింది. లాగ్ చూపించి ట్రిమ్స్ (మిక్చర్ సరిచేయడానికి ఈసీయూ తనంతట తాను పెంచే, తగ్గించే పెట్రోల్ శాతం) అన్నీ 2 శాతం లోపే ఉన్నాయి చూసుకోండి అన్నారు, ఉన్నాయి కూడా, అందులో అబద్ధం లేదు. కానీ ఐడిల్‌లో రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలవగానే ఆర్‌పీఎం ఊగేది, ఫుల్ బూస్ట్‌లో నాక్ (సిలిండర్లో మంట అదుపు తప్పి టకటకమనడం) సెన్సర్ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేసేది. కొన్నాళ్లకి ఫైల్ నేనే తెరిచి చూస్తే విషయం అర్థమైంది: ఇంజెక్టర్ సైజ్ దగ్గర 1000 అని కొట్టేశారు, డెడ్ టైమ్ (ఇంజెక్టర్ తెరుచుకోడానికి పోయే టైమ్, కింద చెప్తా) టేబుల్ స్టాక్‌దే వదిలేశారు, మిగిలిన తేడా మొత్తం ఎంఏఎఫ్ కర్వ్ (సెన్సర్ సిగ్నల్‌ని గాలి లెక్కగా మార్చే గీత) వంచి కప్పేశారు.

ఇందులో తప్పేంటంటే, ఆ 1000 సీసీ అనేది 3 బార్ ప్రెషర్ దగ్గర కొలిచిన సంఖ్య. నా పెట్రోల్ ప్రెషర్ రెగ్యులేటర్ 4 బార్ పట్టి ఉంచుతుంది. ఫ్లో ప్రెషర్ నిష్పత్తికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది కాబట్టి అసలు ఫ్లో 1155 దగ్గర ఉంటుంది, అంటే 15 శాతం ఎక్కువ పెట్రోల్ పోతోంది. దాన్ని సరిచేయడానికి పై భాగంలో ఎంఏఎఫ్‌ని 13 శాతం తగ్గించారు, మిక్చర్ సరిపోయింది, ట్రిమ్స్ సున్నాకి వచ్చాయి, అందరూ హ్యాపీ. కానీ ఈసీయూ లోడ్ (ఇంజిన్ ఎంత గాలి మింగుతోందో) లెక్కేసేది కూడా అదే ఎంఏఎఫ్‌తో కదా! గాలి తక్కువొస్తోందని నమ్మి, ఇగ్నిషన్ టేబుల్లో తక్కువ లోడ్ గడి ఎంచుకుని టైమింగ్ ఎక్కువ ఇచ్చేస్తోంది. నాక్ రాక ఏమవుతుంది మరి. అందుకే ఎవరైనా ట్రిమ్స్ మాత్రమే చూపించి పని అయిపోయింది అంటే నేను నమ్మను, ఎంఏఎఫ్ కర్వ్ స్టాక్‌తో పోల్చి చూపించమంటా. ఇన్‌టేక్ పైపు మార్చనప్పుడు ఆ కర్వ్‌ని ముట్టుకోవాల్సిన పనే లేదు.

ఇక డెడ్ టైమ్. ఈసీయూ కరెంట్ ఇచ్చిన క్షణం నుంచి సూది లేచి పెట్రోల్ సరిగ్గా పారేదాకా పోయే టైమ్ అనుకోండి, మూసుకోడానికి పట్టే టైమ్ తీసేయగా మిగిలేది. ఇది బ్యాటరీ వోల్టేజ్‌తో మారుతుంది, ప్రెషర్‌తోనూ మారుతుంది. నా ఇంజెక్టర్ల షీట్‌లో 14 వోల్టుల దగ్గర 1 మిల్లీసెకను చుట్టుపక్కల ఉన్నది 10 వోల్టులకి వచ్చేసరికి దాదాపు రెట్టింపు. ఐడిల్‌లో మొత్తం పల్స్ (ఇంజెక్టర్‌కి కరెంట్ ఇచ్చే టైమ్) 2.2 మిల్లీసెకన్లు అనుకుంటే పెట్రోల్ పోసేది 1.2 మాత్రమే, అందులో 0.1 తప్పితే 8 శాతం తేడా. అదే 0.1 తప్పు, 12 మిల్లీసెకన్ల పల్స్‌లో ఒక శాతం కూడా కాదు. కాబట్టి లాగ్‌లో తప్పు అన్ని చోట్లా ఒకే శాతం ఉంటే ఫ్లో సంఖ్య చూడండి, ఐడిల్‌లో ఎక్కువగా ఉండి లోడ్ పెరిగేకొద్దీ కరిగిపోతుంటే డెడ్ టైమ్ చూడండి. ఎంఏఎఫ్ వంచిన కారులో మాత్రం ఈ పరీక్ష పనిచేయదు, ముందు దాన్ని స్టాక్‌కి తెచ్చాకే.

రెండో కాలిబ్రేషన్‌లో చేసింది ఇంతే, ఎంఏఎఫ్ స్టాక్‌కి, ఫ్లో 1155, షీట్‌లో 4 బార్ వరుసలో ఉన్న డెడ్ టైమ్‌లు యథాతథంగా. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్, వెనక అద్దం హీటర్ అన్నీ ఒకేసారి వేసి వోల్టేజ్ పడుతుంటే వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లో మిక్చర్ కొలిచే సెన్సర్) చూశాం. లాంబ్డా, అంటే అది చూపే మిక్చర్ సంఖ్య, కదల్లేదు. ఊగడం పోయింది, నాక్ కూడా పోయింది, ఇగ్నిషన్ టేబుల్‌ని అసలు ముట్టుకోనేలేదు.

కోల్డ్ స్టార్ట్ వేరే తలనొప్పి. కొన్ని ఈసీయూల్లో క్రాంకింగ్ (స్టార్టర్ తిప్పేటప్పుడు ఇచ్చే) పెట్రోల్ నేరుగా మిల్లీసెకన్లలో ఉంటుంది, అంటే ఫ్లో సంఖ్య మార్చినా అది తగ్గదు, చేత్తో తగ్గించాలి, లేకపోతే పొద్దున్నే ప్లగ్గులు తడిసి ముద్దైపోతాయి. నాది ఆ రకమే.

వ్యాక్యూమ్ లైన్ (ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ప్రెషర్‌ని రెగ్యులేటర్‌కి అందించే గొట్టం) లేని రెగ్యులేటర్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. రైల్‌లో (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టంలో) 3 బార్ స్థిరంగా ఉండి 1 బార్ బూస్ట్ వస్తే ఇంజెక్టర్‌కి మిగిలేది 2 బారే, ఫ్లో 18 శాతం పడిపోతుంది, కాబట్టి ఒక్క సంఖ్యతో పని అవదు, మ్యానిఫోల్డ్ ప్రెషర్‌ని బట్టి టేబుల్ కావాలి. మీ సాఫ్ట్‌వేర్ ఆ టేబుల్ చూపిస్తుందో లేదో కొనేముందే కనుక్కోండి.

ఇంజెక్టర్లు కొనేటప్పుడు నేనైతే ముందు డేటా షీట్ అడుగుతా. వోల్టేజ్, ప్రెషర్ రెండింటికీ డెడ్ టైమ్ ఉండాలి, చిన్న పల్స్‌లో ఫ్లో గీత వంకరపోయే చోట ఎంత కలపాలో ఉండాలి. ఇంజెక్టర్ డైనమిక్స్ లాంటివాళ్లు ఇస్తారు. బాక్స్ మీద సీసీ సంఖ్య ఒక్కటే ఉన్నవి ఎంత చవకగా వచ్చినా నాకొద్దు, ఆ షీట్ లేకపోతే ట్యూనర్ ఊహించాల్సిందే, ఊహించినవాడు చివరికి ఎంఏఎఫ్ దగ్గరికే పోతాడు.

ఇప్పటికీ నచ్చనిది ఒకటుంది. ఎండలో కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్లు లీన్‌గా (పెట్రోల్ తక్కువై) నడుస్తుంది. వేడికి కాయిల్ రెసిస్టెన్స్ పెరిగి సూది ఆలస్యంగా లేస్తుంది, రైల్‌లో పెట్రోల్ కూడా పలచబడుతుంది. స్టార్ట్ తర్వాత ఇచ్చే పెట్రోల్ టేబుల్లో వేడి గడులు కొంచెం పెంచితే చాలావరకు తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు.