రేడియో పద్ధతిలో క్రిస్మస్ నాటకం: స్క్రూజ్ మేలా, జార్జ్ బెయిలీ మేలా?

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలోని ఔత్సాహిక నాటక సమాజాలు చాలానే రేడియో నాటకం వైపు మొగ్గుతాయి. వేదికే 1940ల నాటి స్టూడియో అవుతుంది. నటులు మైకుల ముందు ప్రతులు పట్టుకుని చదువుతారు, పక్కన బల్ల దగ్గర ఒకరు శబ్దాలు పుట్టిస్తుంటారు. ప్రేక్షకుల చూపు ఎక్కువసేపు నిలిచేది ఆ బల్ల మీదే. మొక్కజొన్న గంజిపొడి (కార్న్‌స్టార్చ్) నింపిన చిన్న సంచిని నలిపితే మంచులో అడుగులు పడుతున్నట్టే కిరకిరమంటుంది. సంచిని నలిపే వేళ్లు కళ్లెదుటే ఉన్నా చెవి మంచునే నమ్ముతుంది. ఆకాశవాణి నాటకాలు విని పెరిగిన మనకు ఇది కాస్త వింతే. మనకు ఆ బల్ల ఎన్నడూ కనబడలేదు.

ఈ పద్ధతికి తరచుగా ఎంచుకునే కథలు రెండు. ఒకటి ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన సినిమా 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్', అందులో కథానాయకుడు జార్జ్ బెయిలీ. దీన్ని జో లాండ్రీ రేడియో నాటకంగా మలిచారు, డజన్ల కొద్దీ పాత్రలను అయిదుగురు నటులే పోషిస్తారు. రెండోది ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కరోల్', క్రిస్మస్ ముందు రాత్రి ఆత్మలు వచ్చి మార్చేసే పిసినారి స్క్రూజ్ కథ.

ముందుగా హక్కుల సంగతి. కాప్రా సినిమా కాపీరైటును 1974లో పునరుద్ధరించుకోలేదు. టీవీ కేంద్రాలు ఏటా ఉచితంగా వేసుకోవడంతోనే అది ఇంటింటి పండగ సినిమా అయింది. అలాగని ఇష్టమొచ్చినట్టు నాటకం ఆడటానికి లేదు, మూలకథ హక్కులు వేరే ఉన్నాయి. లాండ్రీ ప్రతికి అనుమతి తీసుకోవాలి, రుసుము కట్టాలి, అడగకుండా మాట మార్చకూడదు. డికెన్స్ నవలికకు ఈ బాధలేవీ లేవు. ఇతరులు చేసిన నాటకీకరణ జోలికి పోకుండా మూలం నుంచి మీరే కుదించుకుంటే, ఉన్న నటులను బట్టి పాత్రలను పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

నా ఓటు స్క్రూజ్‌కే, అయితే డబ్బు ఆదా ఒక్కటే కారణం కాదు. ఆ కథ చెవి కోసమే పుట్టినట్టు ఉంటుంది. డికెన్స్ స్వయంగా 1853 నుంచి దాన్ని సభల్లో చదివి వినిపించాడు. స్క్రూజ్ వ్యాపార భాగస్వామి, చనిపోయిన మార్లీ దయ్యమై వచ్చే ఘట్టమే చూడండి. వాడకంలో లేని గంట మొదట మెల్లగా ఊగుతుంది, తర్వాత గట్టిగా మోగుతుంది, ఇంట్లోని గంటలన్నీ దానితో గొంతు కలుపుతాయి. అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాక, కింద నేలమాళిగలో ఎవరో బరువైన గొలుసు ఈడుస్తున్న చప్పుడు. తలుపు ధడాలున తెరుచుకుంటుంది, గొలుసు మెట్లెక్కి వస్తుంది. శబ్దాలు చేసే మనిషికి ఇంతకంటే చక్కని పాఠం ఎవరు రాసిస్తారు? స్క్రూజ్ గుమాస్తా కొడుకు, చిన్నారి టైనీ టిమ్ కోసం పిల్లవాణ్ణి వెతికి, రాత్రి రిహార్సళ్లకు రమ్మని వాళ్ల అమ్మానాన్నలను బతిమాలే పని కూడా తప్పుతుంది, ఎవరైనా మహిళ గొంతు సరిపోతుంది.

చిక్కల్లా స్క్రూజ్‌కు భవిష్యత్తు చూపించే మూడో ఆత్మతోనే. అది ఒక్క మాటా మాట్లాడదు. రంగస్థలం మీద నల్లటి ముసుగు చాలు. రేడియోలో మౌనం ఎక్కువైతే నటుడి ప్రతి ఎక్కడో పోయిందనుకుంటారు. కదలకుండా బిగించిన కాన్వాసు గుడ్డ కింద చెక్క పట్టీల పీపాను తిప్పే గాలి యంత్రంతో స్క్రూజ్ అడిగే ప్రతి ప్రశ్నకూ గాలి హోరునే జవాబుగా ఇప్పించండి.

జార్జ్ బెయిలీ కథలో చివర మోగే గంట రేడియోకు వరమే. కానీ జార్జ్, మేరీ నాట్యం చేస్తుండగా అడుగున నేల విడిపోయి ఈతకొలను బయటపడే హాస్యం కంటితో చూస్తేనే పండుతుంది. పైగా అమెరికాలో అందరి చెవుల్లోనూ సినిమాలో జార్జ్‌గా నటించిన జేమ్స్ స్టివార్ట్ గొంతే ఉంది. 1947లో రేడియోలో కూడా జార్జ్ ఆయనే. కొత్త నటుడు ఆయనను అనుకరిస్తే ఎగతాళి, అనుకరించకపోతే పెదవి విరుపు. స్క్రూజ్‌కు అలాంటి ఒకే గొంతు లేదు. 1930ల నుంచి దాదాపు ఏటా రేడియోలో స్క్రూజ్‌గా పలికిన లయనెల్ బారీమోరే కాప్రా సినిమాలో పిసినారి పాటర్ కావడం తమాషా.

మీ నాటక సమాజంలో జార్జ్‌ను సొంత గొంతుతో నిలబెట్టగల నటుడు నిజంగా ఉంటే రుసుము కట్టి అదే వేయండి. ఏ కథైనా ప్రతులకు పిన్నులు కొట్టకండి. విడి కాగితమైతే చప్పుడు లేకుండా పక్కకు జారుతుంది, పిన్ను కొట్టిన పుట తిప్పితే మైకులో ఉరుములా వినబడుతుంది.